గుసగుసల ఇంట్లో గడ్డకట్టని నీళ్లు

నేను ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్న రోజులవి. శుభ్రమైన నీళ్లు సున్నా డిగ్రీల కిందకి చల్లబడినా, కదపకపోతే ఒక్కోసారి నీళ్లలాగే ఉంటాయి. కదిపితే క్షణంలో మంచుగడ్డవుతాయి. అది చూపించడమే నా పని. మా ల్యాబ్‌లో ఎవరో ఒకరు తలుపు దడాలున వేసేవారు, సీసాలన్నీ ముందే గడ్డకట్టేవి. "ఇంకో టాపిక్ చూసుకోమ్మా" అనేశారు గైడు.

ఆఖరి ప్రయత్నంగా ఉక్కునగరంలోని మా స్టీల్‌ప్లాంట్ క్వార్టర్లో, ఫ్రీజర్‌లో రెండు సీసాలు పెట్టాను. నాన్న నైట్‌షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటారు కాబట్టి మా ఇంట్లో మిక్సీ తిరగదు, తలుపు చప్పుడవదు.

మధ్యాహ్నం ఆనందపురం నుంచి మామయ్య ఎండనపడి వచ్చాడు. నేను చూసేలోపే ఒక సీసా తీసి, మూత తిప్పడానికి వంటింటి గట్టు మీద ఠంగుమని పెట్టాడు. నీళ్లు పైనుంచి కిందిదాకా తెల్లగా బిగుసుకుపోయాయి.

"ఓలమ్మో! ఏటే ఇది? నాను సూత్తండగానే గెడ్డకట్టేసినాయి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

నాన్న లేచొచ్చారు. తిట్లు తప్పవనుకున్నాను. ఆయన సీసా చేతిలోకి తీసుకుని చూసి, "ఇంకోటుందా?" అన్నారు.

రెండోది నాన్నే గట్టుకేసి కొట్టారు.

చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో గుసగుసగా మాట్లాడాలంటే నాకు విసుగు. నా పీహెచ్‌డీ నిలబడింది ఆ గుసగుసల మీదే.