ఇంటిగ్రల్‌కి హద్దు చూపిన సార్

పోయిన గురువారం పొద్దున ఆత్మకూరు నుంచి సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సార్ ఇంక లేరమ్మా" అన్నారు.  

ఆయన ఆత్మకూరు డిగ్రీ కాలేజీలో నాకు ఫిజిక్స్ చెప్పారు. మాది వరికుంటపాడు దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. ఎమ్మెస్సీకి పంపమని మా నాయన దగ్గరకు మూడుసార్లు వచ్చింది ఆయనే. చొక్కా జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. క్లాసులో తనకు తెలియనిది అడిగితే "తెలీదు" అనేసేవారు. "తెలీదని చెప్పేదానికి సిగ్గెందుకు? తెలిసినట్టు తలాడించేదానికి సిగ్గుపడాల" అనేవారు.

ఎమ్మెస్సీ అయ్యాక, పీహెచ్‌డీలో మా గైడ్ నాకు నాన్-ఎక్స్‌టెన్సివ్ స్టాటిస్టికల్ మెకానిక్స్ అనే అంశం ఇచ్చారు. రెండు గదుల్లోని గాలికి మొత్తం ఎంట్రోపీ, అంటే ఎంత చిందరవందరగా ఉందో చెప్పే కొలత, కావాలంటే రెండింటివీ కూడితే చాలు. దూరం నుంచి కూడా ఒకదాన్నొకటి లాగే కణాల దగ్గర ఆ కూడిక సరిపోదు. అక్కడ 'క్యూ' అనే ఇంకో అంకె కావాలి. ఫోన్‌లో ఈ మాట చెప్పగానే సార్, "నాకు తెలీదు. నువ్వు నేర్చుకోని నాకు నేర్పు" అన్నారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పాఠం. రిటైర్మెంట్‌కు దగ్గరపడిన మనిషి, నేనిచ్చిన లెక్కలు పొడుగు నోటుబుక్కులో చేసి, ఫోటో తీసి పంపేవారు.

మూడో ఏడు, విద్యుత్ కణాల వాయువైన ప్లాస్మా మీద నేను చేస్తున్న లెక్క ఎన్నిసార్లు చేసినా అర్థంలేని జవాబే వచ్చింది. గైడ్‌కి ఓపిక పోయింది. నేను బ్యాగు సర్దుకుని ఇంటికొచ్చేశాను. "ఇంక పోను నాయనా" అని చెప్పి, సార్ ఫోన్ చేసినా ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చారు, ఉదయగిరిలో బస్సు మారి, ఎండలో నడిచి.

"ఏంది, ఫోన్ ఎత్తవు?"

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "కాగితాలు తే" అన్నారు.

గొర్రెల దొడ్డి పక్కన మంచం మీద కూర్చుని పేజీ పేజీ చూశారు. చివరికి ఒక ఇంటిగ్రల్ మీద వేలు పెట్టారు. "ఇక్కడ క్యూ ఒకటి కన్నా తక్కువ గదా. అట్లయితే ఒక వేగం దాటినాక కణాలే ఉండవు. నువ్వు అనంతం దాకా కూడినావు. లేనివాటిని గూడా లెక్కేసినావమ్మా."

మా నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. "ఇంతేనా సారూ? దీనికా ఇది అన్నం మానుకునింది?"

"ఇంతేనన్నా. ఇంత చిన్నది కనపడకే చానామంది చదువు మానుకుంటారు."

మరుసటి వారం నేను తిరిగి వెళ్ళాను.

థీసిస్ పూర్తయ్యాక నా వైవాకి సార్ వస్తానన్నారు కానీ, గుండె జబ్బని డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. వైవా అయిన సాయంత్రం ఫోన్‌లో "ఏమడిగినారు?" అని ఒక్కో ప్రశ్నా చెప్పించుకున్నారు. క్యూ విలువ ముందే ఎలా తెలుస్తుందన్న దానికి నా దగ్గర జవాబు లేదని చెప్పాను.

"తెలీదన్నావా?"

"అన్నాను సార్."

"అమ్మయ్య" అన్నారు.

థీసిస్ తీసుకుని వచ్చే ఆదివారం వస్తానన్నాను. ఏవో పనులని ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారమూ వెళ్ళలేదు. గురువారం ఫోన్ వచ్చింది.

మూడోనాడు అస్థికలు కలపడానికి సోమశిల జలాశయానికి వెళ్తూ, సార్ భార్య నన్నూ రమ్మన్నారు. అక్కడ చేపలు పట్టే ఒకతని పడవ ఎక్కాం. చాలా దూరం పోయాక, ఎవరూ చెప్పకుండానే ఇంజన్ ఆపేశాడు.

"ఇక్కడెందుకమ్మా?" అన్నాను.

"మీ సార్ పుట్టిన ఊరు ఈ కిందనే ఉండాది. డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయింది. ఆయన చెప్పలేదా నీకు?"

చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇన్నేళ్ళలో మా గొర్రెల పేర్లు కూడా అడిగి తెలుసుకున్న మనిషిని, మీది ఏ ఊరు సార్ అని నేను ఒక్కసారి అడగలేదు.

ఆమె వంగి కుండ ఒంపారు. బూడిద కాసేపు నీళ్ళమీదే ఉండి, పడవతోపాటు మెల్లగా కదిలింది.

"ఆయన చదువుకున్న బడి అటుపక్క ఉండేదంట" అని చెయ్యి చూపించారు.

నేను ఆ వైపు చూశాను. ఎండలో మెరుస్తున్న నీళ్ళు. దూరంగా ఎవరో వేసిన వలను తేల్చే తెల్లటి బెండ్లు, వరసగా, ఊగుతూ.