గురువు చేతి తలకట్టు

జర్మనీలోని మా ఇంగోల్‌స్టాట్ తెలుగువాళ్ళలో సుపత్రను చూడనివాళ్ళు లేరు, ఆమె ఎవరో తెలిసినవాళ్ళూ లేరు. స్టేషన్ దగ్గర మా ఆసియా షాపులో కరివేపాకు తూచి, సంచిలో వేసి, "ఇంకేమైనా కావాలా?" అని జర్మన్‌లో అడిగే పొట్టి థాయ్ అమ్మాయే సుపత్ర. ఒకసారి ఆమె బియ్యం బస్తా ఎత్తబోతుంటే, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే చంద్రకాంత్ అనే ఇంజనీరు "నువ్వుండమ్మా" అని అడ్డుపడి, తానే ఎత్తి, నడుం పట్టేసి వారం రోజులు మంచమెక్కాడు. ఆ అమ్మాయి బాక్సింగ్ ఛాంపియన్ అని నేను అతనికి చెప్పలేదు. చెబితే నడుంతోపాటు పరువు కూడా పోయేది పాపం.

నా పేరు రత్నకుమారి, మాది కాకినాడ. నాకు నోరెక్కువని మా ఆయన లక్ష్మణరావు అంటారు. ఉంటే ఉంది. సుపత్ర తన గురించి తాను ఒక్క మాట చెప్పుకునే రకం కాదు కాబట్టి ఈ కథ నేనే చెప్పాలి.

ఆమెది థాయ్‌లాండ్‌లో బురిరామ్ వైపు ఒక పల్లె. అక్కడి జాతరల్లో పిల్లలు చేతులతో, కాళ్ళతో, మోకాళ్ళతో కొట్టుకునే పోటీలు జరుగుతాయి. మనవాళ్ళు కోడిపందేలకు ఎగబడినట్టు జనం ఎగబడతారట. తొమ్మిదేళ్ళకే ఆమె ఆ బరిలోకి దిగింది. ఒక ముసలి గురువు తన శిబిరంలో చేర్చుకుని, తిండి పెట్టి, విద్య నేర్పాడు. బరిలో శిబిరం పేరే ఇంటిపేరు, అమ్మానాన్నల పేరు వెనక్కి పోతుంది. గురువును వాళ్ళు "ఖ్రూ" అంటారు. దేవుడి తర్వాత దేవుడంతటివాడు.

ఆ విద్యలో ఒక ఆచారం ఉంది. బరిలోకి వెళ్ళేముందు గురువు శిష్యుల తలకు మందమైన తాడుతో అల్లిన తలకట్టు ఒకటి పెడతాడు. వెనక జడకుచ్చులా వేలాడుతుంది. గురువే పెట్టాలి, పోటీ మొదలయ్యే ముందు మంత్రం చదివి గురువే తీయాలి. నేలకు తగలకూడదు, శిష్యులు తమంతట తాము పెట్టుకోకూడదు. అది నెత్తిన పెట్టించుకున్నాక గురువు మాటకు ఎదురు లేదు, గురువు మీద ఫిర్యాదు అన్న ఊసే లేదు. ఆ ముసలాయన చివరి రోజుల్లో, తన దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్న ఉవే క్రామర్ అనే జర్మన్‌ను మంచం దగ్గరికి పిలిచి, తలకట్టు అతని చేతిలో పెట్టాడు. దాంతోపాటు సుపత్ర చెయ్యి కూడా పెట్టాడు, మన అప్పగింతల్లాగే. ఆ రోజు నుంచి ఉవే ఆమెకు ఖ్రూ.

ఉవే ఆమెను ఇక్కడికి తీసుకొచ్చాడు. ఊరి చివర పాత గిడ్డంగిలో జిమ్ పెట్టాడు. నిజం చెప్పాలంటే బాగానే చూసుకున్నాడు. వీసా ఆఫీసులో టెర్మిన్‌లు, అంటే అపాయింట్‌మెంట్లు, తనే పట్టాడు, మా షాపులో పని తనే మాట్లాడిపెట్టాడు, జ్వరమొస్తే సూప్ కాచి పెట్టాడు. ఇదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మొదటినుంచీ దుర్మార్గుడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

ఇక్కడ కిక్ బాక్సింగ్ చూసే జనం తక్కువ, చేతులతో మాత్రమే కొట్టుకునే ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు మారితే పేరొస్తుంది అన్నాడు ఉవే. ఖ్రూ అన్నాడు కాబట్టి మారింది. మొదటి పోటీలో అలవాటుకొద్దీ మోకాలు లేచింది, రెఫరీ పాయింటు కోశాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ కోశాడు. ఆ తర్వాత మా షాపు వెనక గదిలో రెండు పాదాల మీదా చెరో కందిపప్పు బస్తా పెట్టుకుని గుద్దులు ప్రాక్టీసు చేసేది. అవి తినే సరుకు తల్లీ అని నేను గోల పెడితే, మర్నాటినుంచి బస్తాలకు గుడ్డ చుట్టింది. ప్రాక్టీసు మాత్రం మానలేదు.

కాళ్ళు మాట విన్నాక చేతులకు తిరుగు లేకపోయింది. 2019లో ఒక చిన్న సంఘంవాళ్ళ అంతర్జాతీయ బెల్టు గెలిచింది. పెద్ద పత్రికలు పట్టించుకోలేదు. నేను మాత్రం షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ లడ్డూ పెట్టాను, ఎందుకో చెప్పనివ్వలేదు సుపత్ర. ఆ బెల్టును ముసలి గురువు అస్థికలున్న గుడికి తీసుకెళ్ళి ఆయన ముందు పెడతానని మొక్కుకుంది. 2020 ఏప్రిల్‌కు టికెట్టు కూడా కొంది.

మార్చిలో కరోనా వచ్చిపడింది. విమానాలు ఆగాయి, జిమ్‌కు తాళం పడింది. జనం తినక మానరు కాబట్టి మా షాపు నడిచింది. లోపల ముగ్గురికి మించి ఉండకూడదన్నారు, తలుపు దగ్గర సుపత్రను నిలబెట్టాం. ఆమె చెయ్యి అడ్డం పెడితే దాటినవాడు లేడు. వేసవిలో జిమ్ తెరిచారు, నవంబర్‌లో మళ్ళీ మూయించారు. అప్పటికి ఉవే మనిషి మారిపోయాడు. ఫోన్ మోగితే మా ముందు మాట్లాడకుండా వీధిలోకి వెళ్ళేవాడు. కష్టపడి పెట్టుకున్న జిమ్ పోతుందన్న దిగులు కాబోలు అనుకుని, నేను గిన్నెలో సాంబారు కూడా పోసి పంపాను. నా సాంబారు తిన్నాడు వాడు!

డిసెంబర్‌లో ఒక ప్రమోటర్ పోటీ పెట్టాడు. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో, ప్రేక్షకులు లేకుండా, టీవీ స్టూడియోలో. సుపత్ర తన బెల్టు నిలబెట్టుకోవాలి. ఎదుటి అమ్మాయి లీనా, ఆ ప్రమోటర్ సొంత బాక్సర్. రింగు మూలలో ట్రైనర్‌తోపాటు ఒక్క సహాయకుడికే అనుమతి. ఎప్పుడూ వెళ్ళే అతనికి పాజిటివ్ వచ్చిందనీ, నన్ను రమ్మనీ ఉవే అడిగాడు. బకెట్ మోయడం, నీళ్ళందించడం, అంతే పని అన్నాడు. నేను పొంగిపోయి, ముక్కులో పుల్ల పెట్టించుకుని పరీక్ష చేయించుకుని మరీ వెళ్ళాను.

రింగు దగ్గర ఉవే మంత్రం చదివి, ఆమె తలకట్టు తీసి నాకిచ్చాడు. నేలకు తగలకూడదు కదా, ఎడమ చేతికి తొడుక్కుని చెయ్యి పైకెత్తుకుని, కుడి చేత్తో బకెట్ పని చేశాను. చూసేవాళ్ళుంటే నవ్విపోయేవాళ్ళు. జనం లేని ఆ హాల్లో ప్రతిదీ వినబడుతోంది. గ్లవ్ తగిలిన చప్పుడు, బూటు జారిన చప్పుడు, కెమెరా వెనక ఎవరో దగ్గిన చప్పుడు. నాకు బాక్సింగ్ తెలియదు. కానీ ఎవరు ముందుకొస్తున్నారో, ఎవరు వెనక్కి పోతున్నారో చూడటానికి బాక్సింగ్ తెలియనక్కర్లేదు. లీనా వెనక్కే పోతోంది.

ఏడో రౌండు అయ్యాక సుపత్ర వచ్చి కుర్చీలో కూర్చుంది. కనుబొమ్మ మీద చిన్న గాటు తప్ప ఏమీ లేదు. బాగున్నావా అని అడిగాను.

"బాగున్నాను అక్కా. ఆ అమ్మాయే అలిసిపోయింది" అంది.

మా తెలుగువాళ్ళ నోట విని నేర్చుకున్న అక్క అన్న ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా జర్మన్‌లోనే చెప్పింది. ఉవేకు నాకన్నా దగ్గరగా వినబడింది.

ఎనిమిదో రౌండు మొదలైంది. ఉవే నా వైపు చూడకుండానే చెయ్యి చాచి తువ్వాలు ఇమ్మన్నాడు. గాటు తుడవడానికి సిద్ధం చేసుకుంటున్నాడనుకున్నాను. ఇంట్లో ఉతికి, మడతపెట్టి తెచ్చిన ఎర్రంచు తెల్ల తువ్వాలు చేతికిచ్చాను. దాన్ని విసిరి రింగు మధ్యలో పడేశాడు.

ట్రైనర్ తువ్వాలు విసిరితే మావాళ్ళు ఓడిపోయినట్టే, ఆపేయండి అని అర్థం. రెఫరీ ఆపేశాడు. సుపత్ర ఆ తెల్లగుడ్డను చూసి, లీనా తరఫువాళ్ళు వేశారనుకుని నవ్వింది. రెండు చేతులూ పైకెత్తింది. తర్వాత ఎర్రంచు చూసింది. అది మా ఇంటి తువ్వాలని ఆమెకు తెలుసు, మా వంటింట్లో ఎన్నిసార్లు చేతులు తుడుచుకుందో. ఆ నవ్వు ఆగిపోవడం నేను చూశాను. చూడకుండా ఉంటే బాగుండేది.

ఆపేసరికి జడ్జీల లెక్కల్లో సుపత్రే ముందుందని తర్వాత చెప్పారు. ఏం లాభం, బెల్టు లీనా నడుముకెక్కింది. ఉవే కెమెరా ముందు నిలబడి, "ఇక నావల్ల కాదు, ఆపించమని తనే మూలలో నన్ను అడిగింది. నేను ఆమె మాట గౌరవించాను" అన్నాడు. అక్కడికి నాలుగడుగుల దూరంలో సుపత్ర చేతులకు చుట్టిన పట్టీలు కత్తిరిస్తున్నారు. అంతా విన్నది. నేను అబద్ధమని అరిచాను గానీ, కోపమొస్తే నాకు జర్మన్ రాదు. తెలుగులో అరిచాను, అక్కడ ఎవడికి అర్థమవుతుంది?

ఇంటికొచ్చాకే నాకు అసలు సంగతి వెలిగింది. బాక్సింగ్ తెలిసినవాడెవడైనా పక్కనుంటే ఆ చెయ్యి పట్టుకునేవాడు. అందుకే నన్ను తీసుకెళ్ళాడు. ఏమీ తెలియని కిరాణా షాపు ఆవిడ, అడగ్గానే తువ్వాలు ఇచ్చే మనిషి. నా ఒళ్ళు మండిపోయింది. మా ఆయన మంచినీళ్ళు ఇవ్వబోతే ఆయన మీద కూడా అరిచాను.

బెల్టు ఇచ్చే సంఘానికి ఫిర్యాదు చేద్దాం, మూలలో ఏం జరిగిందో నేను సాక్ష్యం చెబుతాను అన్నాను. గడువు దాటకముందే చెయ్యాలన్నాను. సుపత్ర తల అడ్డంగా ఊపింది.

"తలకట్టు పెట్టిన చెయ్యి మీద నేను నోరెత్తకూడదక్కా."

"తువ్వాలు విసిరింది ఏ చెయ్యే? అదే కదా" అన్నాను.

ఆమె లేచింది. వెనక గదిలోకి వెళ్ళి బంగాళదుంపల పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చింది. బెల్టు పోయినందుకు కాదట. ఓడిపోయానని పెద్ద ఖ్రూ ముందు చెప్పగలదట, మధ్యలో వదిలేశానన్న మాట మోసుకుని ఆ గుడికి ఎలా వెళ్ళాలి అని. వాళ్ళ శిబిరంలో ఓడినవాళ్ళకు అన్నం ఉంటుంది, వదిలేసినవాళ్ళకు పడుకోవడానికి చాప కూడా ఉండదు. ఉవే ఒక్కసారి నోరు తెరిచి నిజం చెబితే చాలు, ఎవరి ముందు చెప్పినా చాలు అంది. అతను చెప్పలేదు, ఫోన్ ఎత్తలేదు. ఫిర్యాదు గడువు దాటిపోయింది.

జనవరిలో వార్త తెలిసింది. ఆ ప్రమోటర్ పెడుతున్న కొత్త జిమ్‌లో ఉవే హెడ్ ట్రైనర్. మొదటి శిష్యురాలు లీనా. గురువుకే పంగనామాలు పెట్టే శిష్యుల గురించి చిన్నప్పటినుంచీ విన్నాను గానీ, శిష్యురాలికి పంగనామాలు పెట్టిన గురువును ఇక్కడికొచ్చాకే చూశాను. నమ్మినవాళ్ళను నట్టేట ముంచడానికి వాడికి ఓ జిమ్ సరిపోయింది.

ఇంతకీ ఆ తలకట్టు నా దగ్గరే ఉండిపోయింది. ఆ రాత్రి అతను అడగను కూడా అడగకుండా వెళ్ళిపోయాడు. ఎక్కడ పెట్టాలో తెలియక మా దేవుడి గూట్లో, వెంకటేశ్వరస్వామి పటం పైన పెట్టాను. ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు మహానుభావుడు. తలకట్టు కావాలట. లీనా రింగులోకి నడిచొచ్చేటప్పుడు తలమీద పెడితే టీవీలో బాగుంటుందని ప్రమోటర్ అన్నాడట. చెత్తకుండీలోనైనా వేస్తాను గానీ ఇవ్వనన్నాను. సుపత్ర నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, అది ఆయనదేనని, శనివారం షాపుకు రమ్మని చెప్పింది. ఆరోజంతా నేను ఆమెతో మాట్లాడలేదు.

శనివారం మంచు పడుతోంది. బయట వరస పెరిగింది. ఉవే మాస్కు పెట్టుకుని వచ్చాడు, చూపు నా మీద నిలవలేదు. సుపత్ర అతన్ని బియ్యం బస్తాల వైపు తీసుకెళ్ళింది. తలకట్టు ఉన్న పళ్ళెం నేనే పట్టుకున్నాను. సుపత్ర ఎప్పటిలా రెండు చేతులూ జోడించి దండం పెట్టి అడిగింది.

"ఖ్రూ, ఆపించమని నేను అడిగానా?"

అతను పళ్ళెం వైపు చూస్తూ, నీ మంచికే చేశాను అన్నాడు. ఆమె మళ్ళీ అదే అడిగింది. అయిపోయినదాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావు సుపత్రా అన్నాడు. అక్కడ ఉన్నది మేం ముగ్గురమే. అడగలేదు అని ఒక్క ముక్క అంటే అతని సొమ్మేం పోయేది? అనలేదు.

ఆమె బస్తాల మధ్య నేల మీద మోకరిల్లింది. తలకట్టు చివరిసారిగా తన తలకు పెట్టమంది. పెట్టాడు. ఇప్పుడు తీయమంది. గబగబా తీయబోయాడు.

"మంత్రం చదివి తియ్యండి. పూర్తిగా" అంది.

మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. మర్చిపోయాడో, చదవలేకపోయాడో నాకు తెలియదు. మిగతాది కళ్ళు మూసుకుని సుపత్రే చదివింది. చివరి మాట అయ్యాక అతను తలకట్టు తీసి కోటులో పెట్టుకున్నాడు.

ఆమె లేచి మోకాళ్ళకంటిన పొడి దులుపుకుంది. దండం పెడుతుందని నేనూ అనుకున్నాను, అతనూ అనుకున్నాడు, తల కొంచెం వంచాడు కూడా. పెట్టలేదు. కౌంటర్ వెనక్కి వెళ్ళి నిలబడి, ప్రతి కస్టమర్‌నూ అడిగే గొంతుతోనే అడిగింది.

"ఇంకేమైనా కావాలా, హెర్ క్రామర్?"

ఇన్నేళ్ళలో ఆమె అతన్ని ఖ్రూ అనకుండా, ముక్కూమొహం తెలియనివాళ్ళను పిలిచినట్టు హెర్ అని పేరుపెట్టి పిలవడం నేను వినలేదు. అతను తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ వద్దన్నాడు.

"అయితే దారివ్వండి. బయట జనం చలిలో నిలబడ్డారు."