స్వామి అడుగుపెట్టిన ఇల్లు

మాది నరసన్నపేట. నిరుడు కార్తీకం వెళ్లాక వచ్చిన మొదటి ఆదివారం మా అమ్మాయి ఫోన్‌లో ఒక వంట చూపించింది.

"సైనా వంటా, మెక్సికో వంటా కలిపిన సికెనంటమ్మా. సేసిపెట్టవే!"

పొరుగింటి రమణ అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాంసం వాసన అతని పూజకు తగలకూడదని తలుపులూ కిటికీలూ బిగించి మరీ వంట మొదలుపెట్టాను. ఫోన్‌లో చెప్పినట్టు నూనె పొగలు వచ్చేదాకా కాచి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేశాను. కోడిముక్కలు వేసేలోపే అవి మాడి, ఇల్లంతా ఘాటు కమ్మేసింది. ముందుగదిలో మా అత్తయ్యకు ఉబ్బసం.

"ఏటి సేసినావే... ఊపిరాడట్నేదే!" అంటూ ఆవిడ మంచం మీద వాలిపోయింది.

అమ్మాయి వీధి తలుపు తీసి కేకలు పెట్టింది. రమణ నల్లబట్టలతోనే లోపలికి పరుగెత్తుకొచ్చి, అత్తయ్యను ఎత్తుకెళ్లి అరుగు మీద కూర్చోబెట్టాడు. గాలి తగిలి, మందు పీల్చాక ఆవిడ తేరుకుంది.

నేను ఏడుస్తూ చేతులు జోడించాను. "స్వామీ, కోడి వండే ఇంట్లోకి వచ్చేసినావు. నీ దీక్ష ఏటైపోద్ది?"

"తానం సేస్తే మడి వస్తాదమ్మా. పెద్దమ్మ పోతే మళ్లీ వస్తాదేటి?"

"మీ మెక్సికో మండిపోనూ!" అంది అత్తయ్య, కళ్లు తుడుచుకుంటూ. అందరం నవ్వేశాం.

కాసేపటికి రమణ ఆ చలిలో మళ్లీ తలస్నానం చేస్తూ శరణు చెప్పుకోవడం గోడ అవతల నుంచి వినబడింది. ఇన్నేళ్లుగా పూజలు చేస్తున్నాను కానీ, భక్తి అంటే ఏమిటో ఆ గొంతులో విన్నాను. ఇప్పుడు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు అతని పేరు చెప్పి ఒక దండం ఎక్కువ పెడుతున్నాను.