కుడి దవడతో కరవొద్దన్నాం

సోమవారం ఉదయం ఏడున్నరకు మా లారీ యానాంకు ఎగువన ఏటిగట్టు మీద ఆగింది. వరద తీస్తోంది, నీళ్ళు తగ్గుతున్నాయి. సన్నటి తుంపర. ఒక పక్క ఎర్రటి గోదావరి, ఇంకో పక్క మునిగిన అరటి తోటలు.

మాది ఆర్మీ వైద్య బృందం. నేను పళ్ళ డాక్టరుకు సహాయకుణ్ణి. పనిముట్లు శుభ్రం చేయడం, నోట్లోకి లైటు పట్టుకోవడం నా డ్యూటీ. ఆ డాక్టరే మా కెప్టెన్, ఆవిడకు తెలుగు రాదు. నాది తుని కాబట్టి ఆవిడ మాటలు జనానికి చెప్పేదీ నేనే. హైస్కూలు వరండాలో మడత కుర్చీ, జనరేటరు, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మిషను దించాం. శనివారం ఉదయం ఆరింటికి తిరిగి కదలాలని ఆర్డరు. ఇళ్ళు మునిగినవాళ్ళు పళ్ళు చూపించుకోడానికి వస్తారా అని నాకు ఒకటే చిరాకు.

మధ్యాహ్నానికే వీర్రాజు వచ్చాడు. ఎదురు లంకలో చేపలు పట్టే మనిషి. కుడి బుగ్గ బూరెలా పొంగింది. కెప్టెన్ చిగురు నొక్కితే చీము వచ్చింది. కింది దవడ పన్ను ఊగుతోంది.

"పీకేత్తారేంటండీ?" అంటూ సగం లేచాడు.

"ముందు కూచోండి. ఇంకా చూళ్ళేదు," అన్నాను.

"పీకితే వలెలా ఇసరనండీ? అంచు ఈ పక్కే కదండీ పట్టేది!"

విసురువల సంగతి నాకప్పుడే తెలిసింది. సగం వల చేతుల్లో, సగం భుజం మీద ఉంటుంది. సీసపు గుళ్ళు కట్టిన అంచును పళ్ళతో కరిచిపట్టి, ఒళ్ళు తిప్పి, సమయానికి వదలాలి. చిన్నప్పటి నుంచీ అతను కుడి దవడతోనే పట్టాడు.

ఎక్స్‌రే చూసి కెప్టెన్ పెదవి విరిచారు. పంటి వేళ్ళ మధ్య ఎముక కరిగింది. పీకితే బాధా పోతుంది, పన్నూ పోతుంది. చెడిన వేరు ఒక్కటే కోసి తీసి మిగతా పన్ను నిలపవచ్చు. కానీ దానికి ముందు రూట్ కెనాల్ చేయాలి, రాజమండ్రి ఆసుపత్రి చుట్టూ తిరగాలి. కరిగిన చోట ఎముక పొడి నింపే ఆపరేషనూ అక్కడే. మేం చేయగలిగింది ఒక్కటే. చిగురు కోసి పైకెత్తి, వేళ్ళకు పట్టిన గార గీకి, మళ్ళీ కుట్టడం. పన్ను నిలుస్తుందని హామీ లేదు.

"కుట్టెయ్యండి," అన్నాడు వీర్రాజు.

చీము తీసి మాత్రలిచ్చాం. వాపు తగ్గాక శుక్రవారం కోశారు. మధ్యలో జనరేటరు ఆగిపోయింది. నేను టార్చి పట్టుకుంటే కెప్టెన్ ఆ వెలుతురులోనే పని ముగించారు. కరిగిపోయే కుట్లు వేశారు.

"పది రోజులు కుడివైపు ఏదీ కరవకూడదు. కరిస్తే చిగురు అతుక్కోదు, ఇక పీకడమే," అని కెప్టెన్ మాటగా చెప్పాను.

"పది రోజులా! వరద తీసేప్పుడే కదండీ చేప పడేది."

"ఎడంపక్క పట్టండి."

అతను వంకరగా నవ్వాడు. "మీరు ఎడం చేత్తో సెల్యూట్ కొట్టండి చూద్దాం."

సాయంత్రం వైర్‌లెస్ ఆపరేటర్ వచ్చాడు. "ఎగువన మళ్ళీ నీళ్ళు పెరుగుతున్నాయి. అయిదున్నరకే కదలాలి."

"పొద్దున్న ఒకరి కుట్లు చూడాలి."

"లారీ ఆగదు."

ఆ మనిషి నోట్లో చెయ్యి పెట్టి, సగంలో వదిలేసి పోతున్నామని నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

పొద్దున్న లారీ వెనక కూర్చున్నాను. గట్టు పక్కనే పడవలో వీర్రాజు నిలబడి ఉన్నాడు, బుగ్గకు తువ్వాలు కట్టుకుని. ఎడమ దవడతో అంచు పట్టి విసిరాడు. వల విచ్చుకోలేదు, ముద్దగా పడింది. లాగితే ఖాళీ.

ఇప్పుడు రిటైరై తునిలో ఉంటున్నాను. జనం సరిహద్దు సంగతులు అడుగుతారు, చెబుతాను. ఆ పన్ను నిలిచిందో లేదో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు. తెలిసింది ఆ పొద్దున్న చూసినదే. అతను వల మళ్ళీ భుజాన వేసుకున్నాడు. అలవాటుకొద్దీ అంచు కుడి బుగ్గ దాకా తెచ్చాడు. ఆగాడు. ఎడమకు మార్చుకుని మళ్ళీ విసిరాడు. అదీ ముద్దగానే పడింది.