ముందుగా భయపడేవాడు

"అన్నయ్యా, నాన్న పోయారు."

ఫోనెత్తగానే మాస్టారి అమ్మాయి అన్న మొదటి మాట అదే. హలో లేదు, ఎక్కడున్నావని అడగడం లేదు. షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కుని ఫ్యాక్టరీకి వెళ్తున్నాను నేను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, ఏడుపుతో పాటు హిందీ కూడా. "సుబహ్ ఉఠే హీ నహీఁ, అన్నయ్యా." పొద్దున లేవనేలేదట. చెడ్డ వార్త ముందు చెప్పడం ఆ ఇంటి అలవాటు. ఆ అలవాటు చేసింది ఆ పోయిన మనిషే.

మాస్టారు ఎవరో చెప్పాలి మీకు. ఫరీదాబాద్‌లో కార్ల విడిభాగాలు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌లకు పని నేర్పేవారు. సామర్లకోట వైపు మనిషి, ఐటీఐ చదివి తనూ అప్రెంటిస్‌గానే ఈ ఊరొచ్చారు. అక్కడ అందరికీ ఉస్తాద్‌జీ, మా తెలుగువాళ్లకు మాస్టారు. ఇవాళ మా దగ్గర టీమ్ లీడర్ టోపీ పెట్టుకుని తిరిగేవాళ్లలో చాలామంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే. నేనూ తిన్నాను. మా సెక్షన్ హెడ్డు నాకంటే ఎక్కువే తిన్నాడు. వరంగల్ మనిషి, నాకు సీనియర్, అన్నా అని పిలుస్తాను.

నేను శ్రీకాకుళం నుంచి వచ్చి చేరిన కొత్తలో మమ్మల్ని పొద్దున్నే వరసగా నిలబెట్టి ఒకటే ప్రశ్న వేసేవారు. "ఏం చెడ్డది చూశావురా?"

"ఏం లేదండి మాస్టారూ, సబ్ ఠీక్ హై" అన్నాను, ఢిల్లీ భాష అప్పుడే వచ్చేసిందని మురిసిపోతూ.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆ మాట గేటు బయట వదిలేసి రా అబ్బాయ్. వెళ్లు, మళ్లీ చూసి రా."

మళ్లీ వెళ్లాను. ఒక గొట్టం దగ్గర నూనె చుక్కలు చుక్కలుగా కారుతోంది. వచ్చి చెప్పి, శభాష్ అంటారేమోనని నిలబడ్డాను. "ఇందాకా కారుతూనే ఉంది. నీకు అక్కర్లేకపోయింది" అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఈ ముసలాయనకు మంచి మాటంటే పడదు కాబోలు అని ఆ రోజంతా రూమ్మేట్ల దగ్గర తిట్టుకున్నాను.

ప్రెస్ షాపు మీలో చాలామంది చూసి ఉండరు. పైనుంచి బరువైన ఇనుప దిమ్మె దిగుతుంది, కింద రేకు పెట్టి ఉంటుంది, దెబ్బ పడగానే రేకు తలుపు కీలుగానో మరొకటిగానో మారి బయటికొస్తుంది. రేకు పెట్టేది మనిషి చెయ్యి. ఆ చెయ్యి తీశాకే దిమ్మె దిగాలి, ఆగమన్నచోట ఆగాలి. మా ఉద్యోగాలన్నీ ఆ ఆగడం మీదే ఆధారపడి ఉంటాయి. కొన్నాళ్లకు ఆ చప్పుడు అలవాటైపోతుంది, పక్కన నిలబడి సినిమా కబుర్లు కూడా చెప్పుకుంటాం. మాస్టారికి మాత్రం అలవాటు కాలేదు. ఎన్నేళ్లయినా ప్రెస్ దగ్గరికి వెళ్లే ముందు ఒక్క క్షణం ఆగేవారు, తెలియని కుక్క ఉన్న వాకిట్లోకి అడుగు పెట్టేవాడిలాగా.

ఆదివారాలు వాళ్లింట్లోనే నా భోజనం. మాస్టారి భార్య, పిన్నిగారు నవ్వుతూ దెప్పేవారు. "మీ మాస్టారికి కూర బాగుందనడం చేతకాదు బాబూ. ఉప్పెక్కువైతే మాత్రం నోట్లో ముద్ద ఉండగానే చెప్పేస్తారు." ఆయన కిమ్మనకుండా మారు వడ్డించుకునేవారు. అదే ఆయన మెచ్చుకోలు. అది అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది.

నన్ను టీమ్ లీడర్‌ని చేసిన రోజున స్వీట్ డబ్బా పట్టుకెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టాను. ఆయన డబ్బా తెరవనేలేదు. "టీమ్ లీడర్ అంటే నలుగురి ముందు నడిచేవాడు అనుకుంటున్నావేమో. నలుగురి కంటే ముందు భయపడేవాడురా. నువ్వు భయపడ్డం మానేసిన రోజు, ఆ భయం ఇంకొకళ్ల చేతి మీద పడుతుంది" అన్నారు. పండగపూట ఏం మాటలివి అనుకున్నాను. అయినా ఆ మాట ఒంట్లోంచి పోలేదు, ఇప్పటికీ పోలేదు.

పోయే ముందు వారం ఆయన మా లైన్‌లోకి వచ్చి మూడో ప్రెస్ ముందు చాలాసేపు నిలబడ్డారు. "ఇది ఆగమంటే ఆగట్లేదురా. ఓ పిసరు కిందికొచ్చి ఆగుతోంది. బ్రేక్ అరిగింది" అన్నారు. నాకు తేడా కనిపించలేదు, కానీ ఆయన మాట మీద దాన్ని నడపకుండా ఆపించాను. కొత్త బ్రేక్‌కి ఆర్డర్ వెళ్లింది. వెళ్లేటప్పుడు ఆయన మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడడం చూశాను. "ఏంటి మాస్టారూ?" అంటే "ఏం లేదు, ఈ పొగకి ఊపిరాడట్లేదు" అన్నారు. నవంబరులో ఈ ఊళ్లో అందరం అనే మాటే కదా, నమ్మేశాను.

అప్పటికి నెల రోజులుగా గుండెలో నొప్పి వస్తోందని, పోయాక జేబులో దొరికిన డాక్టరు చీటీతో తెలిసింది. పిన్నిగారికి కూడా చెప్పలేదు. లోకంలో అందరి చేతా చెడ్డవార్త చెప్పించిన మనిషి తన సంగతి మాత్రం దాచుకుని పోయారు. నాకు ఆయన మీద పట్టరానంత కోపంగా ఉంది. ఇది చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, కోపంగానే ఉంది.

శ్మశానంలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది మా సెక్షన్ హెడ్డు, అన్నే. పాడె వదలలేదు. "నాకు అన్నం బెట్టిండు తమ్మీ, పని నేర్పిండు" అంటూ నా భుజం మీద పడి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున లైన్‌లోకి వెళ్లేసరికి మూడో ప్రెస్ మోటారు తిరుగుతోంది. దాని ముందు స్టూలు మీద ట్రైనీ అమ్మాయి కూచుని ఉంది, ఇక్కడి పల్లెటూరి పిల్ల, పోయిన వానాకాలంలో చేరింది. నన్ను చూసి "భయ్యా, చాలూ కరూఁ?" అని అడిగింది. మొదలుపెట్టనా అని.

అన్న పక్కనే ఉన్నాడు. కళ్లు ఇంకా ఉబ్బే ఉన్నాయి. "రెండు దినాల్ల బ్రేక్ వస్తది. అందాక నడిపియ్యి తమ్మీ. కార్ల కంపెనీవాళ్లు మీద కూసున్నరు, మాల్ పోకుంటే ఆర్డరే పోతది."

"మాస్టారు ఇది ఆగట్లేదన్నారన్నా."

"మాస్టర్ సాబ్ అన్నిటికీ అట్లనే అంటుండె గదా. నేను పొద్దున జూసిన, మంచిగనే ఆగుతున్నది. నువ్వు నడపనంటే చెప్పు, ఇంకో టీమ్ లీడర్‌ని తెస్త. కానీ మళ్లీ నీకు లైన్ దొరకదు."

ఏళ్లు పట్టింది నాకు ఆ టోపీ రావడానికి. ఇంటి దగ్గర అందరికీ చెప్పుకున్నాను. "నడపనన్నా" అన్నాను. అమ్మాయిని లేచి ఇవతలికి రమ్మన్నాను.

అన్న నా మొహంలోకి చూశాడు. "సరే. నీ ముందట్నే జూద్దాం" అని, దిమ్మెను పైదాకా లేపించి మెయిన్ స్విచ్ తీసేశాడు. కరెంటు లేకపోతే దిమ్మెను పైన పట్టి ఉంచేది ఒక్క బ్రేకే. మోటారు హోరు సన్నబడి సన్నబడి ఆగిపోయింది. దిమ్మె పైన కదలకుండా నిలబడింది. "గిదేంది మరి? ఆగింది గదా" అన్నాడు.

పోయిన మనిషి మాట పట్టుకుని ఉన్న ఉద్యోగం పోగొట్టుకున్నానా అనిపించింది. అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

అప్పుడు దిమ్మె కదిలింది. ఎవరూ బటన్ నొక్కలేదు, కరెంటు కూడా లేదు. చప్పుడు చెయ్యకుండా, తొందర లేకుండా, కొద్దికొద్దిగా జారుతూ వచ్చి కింద రేకు పెట్టే చోట కూచుంది.

అన్న "తాళం వెయ్యి తమ్మీ, దీనికి" అన్నాడు. తాళం అందుకోబోతే చెయ్యి ముందుకు రాలేదు. చూసుకుంటే నా చేతులు రెండూ వీపు వెనక ఉన్నాయి. అన్నవీ అక్కడే ఉన్నాయి. ఆ అమ్మాయివీ అక్కడే ఉన్నాయి.