పై బ్యాచ్, కింది బ్యాచ్, ఒక పాడైన గ్వానిన్

దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో జీతం కోసం జీవశాస్త్రం చెబుతాను. మా దగ్గర ఆదివారం పరీక్ష, సోమవారం బ్యాచ్‌ల మార్పు. ఒక్క మార్కు తగ్గినా పిల్లలు బ్యాగు సర్దుకుని పై అంతస్తు నుంచి సెల్లార్‌లోని కింది బ్యాచ్‌కి దిగాల్సిందే. మెడిసిన్ సీటొచ్చేది పైనున్నవాళ్ళకేనని అక్కడి గోడలు కూడా నమ్ముతాయి.

మొన్నటి పరీక్షలో ఒక ప్రశ్న: ఆక్సిజన్ దెబ్బకు పాడైన డీఎన్‌ఏ అక్షరం గ్వానిన్‌ను మన కణంలో మొదట గుర్తించి తీసేసే ఎంజైమ్ ఏది? నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి గ్లైకోసైలేజ్ అని పెట్టింది. సరైన జవాబు అదే. హెడ్డాఫీసు పంపిన జవాబుల కీలో మాత్రం పాలిమరేజ్ అని ఉంది. ఆ మార్కు పోయి ఆమె సెల్లార్‌కి పడింది.

"సార్, కీనే తప్పని మీరే అంటున్రు. మరి నేనెందుకు కిందికి పోవాలె?"

నాకు కోపం వచ్చింది. దాన్నే మోసుకుని డైరెక్టర్ గదికి వెళ్ళాను.

"చూడండి, గ్లైకోసైలేజ్ డీఎన్‌ఏ వెంట జారుతూ పోతుంది. అనుమానం వచ్చిన అక్షరాన్ని మెలికలోంచి బయటికి తిప్పి, తనలో ఉన్న చిన్న అరలో పెట్టి చూస్తుంది. మంచిదైతే వదిలేస్తుంది, పాడైతే కోసేస్తుంది. ఆ చోట పోగు తెంపడానికి ఇంకో ఎంజైమ్. పాలిమరేజ్ వచ్చేది ఆ తర్వాత, ఖాళీ నింపడానికి!"

"పాఠం బాగుంది మాస్టారూ. కానీ కీ అన్ని బ్రాంచీలకీ వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు మారిస్తే అందరి ర్యాంకులూ కదుల్తాయి. పేరెంట్స్ నన్ను బతకనిస్తారా? ఒక్క మార్కే కదండీ!"

ఒక్క మార్కే! పాడైన ఆ ఒక్క గ్వానిన్‌ను వదిలేస్తే, కాపీ తీసేటప్పుడు దానికెదురుగా సైటోసిన్ ఉండాల్సిన చోట అడెనిన్ అనే తప్పు అక్షరం వచ్చి కూర్చుంటుంది. అప్పటికీ కణం ఊరుకోదు. ఆ అడెనిన్‌ను పీకడానికి వేరే ఎంజైమ్‌ను పెట్టుకుంది. కుర్చీలో కదలకుండా కూర్చున్న ఈ పెద్దమనిషి ఒంట్లోనూ ఆ పనంతా ఆయన సంతకం లేకుండానే జరిగిపోతోంది. ఆయన మాత్రం ఒక్క జవాబు దిద్దడు.

"ఆ మార్కు కలిపేదాకా పై బ్యాచ్‌కి పాఠం చెప్పను," అన్నాను. మామూలుగా నేను కీ ఇస్తే ఆడే బొమ్మను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అలాగేనండీ," అన్నాడాయన, ఫోన్ తీస్తూ. "పైకి వేరే మాస్టార్ని పంపిస్తాను. మీరు కింద చెప్పండి."

సరిగ్గా బెదిరించడం కూడా చేతకాని బతుకు నాది. మెట్లు దిగుతుంటే ఒళ్ళు మండిపోయింది. సెల్లార్లో చివరి బెంచీ నుంచి ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్! మిమ్మల్ని గూడ దించిన్రా?"

"దించారమ్మా. నేనూ కరెక్టే చెప్పాను మరి."