ఎర్ర రిబ్బను కట్టిన మొక్కలు

పత్తి ఆకు గాలి పీలుస్తుందో లేదో చూడటం కూడా ఒక ఉద్యోగమంటే ఇప్పటికీ మా ఇంట్లో ఎవరూ నమ్మరు. రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువులో, పర్చూరు అవతల నల్లరేగడి చేలో నేను చేసింది అదే. యంత్రం భుజాన వేసుకుని వెళ్ళి, దాని క్లిప్పు ఆకుకు తగిలించి, ఆ ఆకు కార్బన్ డయాక్సైడ్‌ను ఎంత లోపలికి తీసుకుంటుందో రాసుకోవాలి. వాన లేని ఏడాది చేలు ఎంత తక్కువ పీలుస్తాయో తేల్చాలని, ఆ పరిశోధన చేయించే మా సారు పట్టుదల. సీజను మొత్తం అంకెలు సరిగా ఉంటేనే నన్ను ఇంకో ఏడాది ఉంచుతారు.

ఎండ ముదిరితే ఆకు తనలో ఉన్న తడి పోకుండా సన్నటి రంధ్రాలు మూసేసుకుంటుంది. ఇక గాలీ లోపలికి పోదు. ఊపిరి వదలడం మాత్రం ఆపదు, ఉక్కపోస్తే ఇంకా ఎక్కువ వదులుతుంది. పొద్దున పదికల్లా అంకె సున్నా దగ్గరకొచ్చి కూర్చునేది. ఆ సున్నా కోసం ఆరింటికే బస్సెక్కాలి, నా ఖర్మ కాకపోతే!

రోజూ అవే మొక్కల్ని చూడాలని పది మొక్కలకు ఎర్ర రిబ్బను కట్టాను. చేనుకు కాపలా ఉండే పెద్దమ్మకు ఆదివారం చర్చి తప్ప వేరే లోకం లేదు. చేలోకి ఎవరొచ్చినా చెంబుడు మంచినీళ్ళిచ్చాకే మాట. వాళ్ళ పల్లెకు నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. అయినా నాకు చెంబు తప్పలేదు.

ఒక వారం అంకెలు పడిపోవడం మానేశాయి. మిట్టమధ్యాహ్నం కూడా నా మొక్కలు వాన పడ్డట్టు పీలుస్తున్నాయి. కరువుకు తట్టుకునే మొక్కలు దొరికాయని ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ చేస్తే సారు సంబరపడిపోయారు. మట్టి ముట్టుకుని చూద్దామని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

అలా కొన్ని వారాలు గడిచాక, ఒకరోజు ఆరింటికన్నా ముందు బస్సే దొరికింది. వెళ్ళేసరికి పెద్దమ్మ బిందె చంకన పెట్టుకుని, రిబ్బను ఉన్న మొక్కలకు మాత్రం చెంబుతో నీళ్ళు పోస్తోంది.

"ఏంది పెద్దమ్మా ఈ పని! నా కొంప ముంచావు గదా!" అని అరిచాను.

"కోప్పడమాక బాబూ. నువ్వొచ్చి చూసేది వీటినే గదా. ఇవి కూడా వాడిపోతే మీ సారు నిన్ను తిట్టడా? నీకిచ్చినట్టే వీటికీ చెంబుడు పోశా. మా ఇంట్లో తాగే నీళ్ళేలే."

నాకు సిగ్గేసింది. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

సారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. ఆ వారాల అంకెలన్నీ కొట్టేశాం, సీజను పనికిరాకుండా పోయింది. పెద్దమ్మను నీళ్ళు పోయొద్దన్నాను. పది రోజుల్లో మొక్కలు మళ్ళీ పదింటికే సున్నాకొచ్చాయి. నేను క్లిప్పు తగిలిస్తుంటే ఆమె గట్టు మీద చెంబు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండేది. నాకు విసుక్కునే ఓపిక కూడా పోయింది.

నన్ను ఇంకో ఏడాది ఉంచలేదు. చివరిరోజు రిబ్బన్లు విప్పేసి, యంత్రం పెట్టెలో సర్దేశాను. పెద్దమ్మ చెంబు చేతికిచ్చింది. సగం తాగి వెనక్కిచ్చాను. ఆమె మిగిలిన నీళ్ళ వంక, తలలు వాల్చిన మొక్కల వంక చూసింది.

"ఇంక నిన్నెవరూ తిట్టరు గదా బాబూ, పొయ్యనా?"

"పొయ్యి పెద్దమ్మా," అన్నాను.